ఆకుపచ్చ దారం గెజిటెడ్ అధికారులకు మాత్రమే

ప్రత్యుత్తరాల శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో కూడా సరిగ్గా తెలియదు. ప్రభుత్వానికి ఎవరైనా ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం అందిందని తిరిగి ఉత్తరం రాయడం ఆ శాఖ బాధ్యత. ఉత్తరంలో ఏం రాసుందో చూడటం వేరే శాఖ పని. ఆ వేరే శాఖ ఏదో కనుక్కోవడానికి ఇంకో శాఖ ఉంది. ఇంత పకడ్బందీగా పరిపాలన జరుగుతున్నా జనం ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారంటే అది జనం మూర్ఖత్వమే తప్ప ప్రభుత్వం లోపం కాదు.

ఆ శాఖ జిల్లా కార్యాలయంలో ఇందుమతి సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళుగా "మీ ఉత్తరము అందినది" అనే వాక్యాన్ని మార్చి మార్చి రాస్తోంది. ఇంత రాసినా ఆమెకి పిచ్చెక్కకపోవడానికి కారణం మధ్యాహ్న భోజన విరామం. ఒకటిన్నరకి గంట కొట్టగానే పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా చీరకొంగుతో తుడుచుకుని, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కుట్టు తీసేది. గుండ్రటి చెక్క ఫ్రేములో బట్టని బిగించి వేలితో మీటితే చిన్న డప్పులా మోగాలి. లచ్చిలోంచి మూరెడు దారం తెంపి, ఆరు పోగుల్లో రెండే విడదీసి, సూదికి ఎక్కించి, మొదటి కుట్టు దించేసరికి సూపరింటెండెంటు మొహం మసకబారేది. పదో కుట్టుకి ఆఫీసే కనిపించేది కాదు.

ఇన్నేళ్ళలో ఆ చేతులు ఎందరికి కుట్టిపెట్టాయో లెక్కలేదు. ఆడపడుచుల జాకెట్లు, వాళ్ళ పిల్లల టోపీలు, తోటికోడలి తలగడ గలీబులు, పక్కింటివాళ్ళ ద్వారబంధం తెర. ఉచితంగా వచ్చే చేతికి తీరిక ఉండదు. కిందటి ఏడాది మాత్రం ఇందుమతికి మొండితనం వచ్చింది. మీగడ రంగు మంగళగిరి చీర ఒకటి కొనుక్కుని, అంచు పొడుగునా రాధామనోహరం తీగె గీసుకుని, నీలం కలిపిన కిరసనాయిలుతో అచ్చు దించుకుని, "ఇది నాకు" అని ఇంట్లో అందరికీ వినిపించేలా చెప్పి మొదలెట్టింది. తీగె అయింది. గులాబీ, తెలుపు పూలగుత్తులు అయ్యాయి. ఆకులు ఆఖర్న పెట్టుకోవడం ఆమె అలవాటు. ఆకులొక్కటే మిగిలాయి అనుకుంటూ ఉండగా రాజధాని నుంచి శాఖ కమిషనరుగారు తనిఖీకి వచ్చారు.

కమిషనరుగారు అంతకు ముందు వారమే కొండప్రాంతంలో ఉద్యోగుల ఆనందం మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చి ఉన్నారు. అందుచేత ఎక్కడ ఎవరు ఆనందంగా కనిపించినా వదిలే స్థితిలో లేరు. ఆ రోజే ఆఫీసులో వైద్య శిబిరం కూడా పెట్టించారు. నలభై రెండుమంది సిబ్బందిలో నలభై ఒక్కరికి బీపీ ఉందని తేలింది. లేని ఒక్క మనిషీ కిటికీ పక్కన కూర్చుని చీర కుట్టుకుంటోంది. రెండూ రెండూ కలిపితే నాలుగని మామూలువాళ్ళు అనుకుంటారు. కమిషనరుగారు పథకం అన్నారు.

ఆయన ఇందుమతి పక్కన నిలబడి ఫొటో దిగారు, చీర కొంగు పట్టుకుని ఇంకోటి దిగారు. ఆవిడ ఏం కుడుతోందో, ఎవరికోసమో అడగలేదు. వారం తిరక్కుండా రాష్ట్రంలోని శాఖ కార్యాలయాలన్నిటికీ సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, మానసికోల్లాస సాధన నిమిత్తము ప్రతి దినము మధ్యాహ్నము ఒకటిన్నర నుండి రెండుంబావు వరకు చేతికుట్టు కుట్టుట ఐచ్ఛికముగా నిర్ణయించడమైనది. సదరు ఐచ్ఛికమును వినియోగించుకొననివారిపై క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును."

భోజనం ఎప్పుడు చెయ్యాలో సర్క్యులర్ చెప్పలేదు. అది వేరే శాఖకి సంబంధించిన విషయం.

ఇందుమతికి మొదట్లో లోలోపల సంతోషమే వేసింది. తనకి తెలిసిన సుఖం నలుగురికీ తెలిస్తే మంచిదే కదా అనుకుంది. ఆ సంతోషం సర్క్యులర్ రెండో పేజీ దాకా ఉంది. రెండో పేజీలో ఆమెను ఆ ఆఫీసుకి చేతికుట్టు నోడల్ అధికారిగా నియమించారు. అంటే ఒకటిన్నర నుంచి రెండుంబావు దాకా బల్లల మధ్య తిరుగుతూ, ఎవరు ఎన్ని కుట్లు కుట్టారో, కుట్టేటప్పుడు ఉల్లాసంగా ఉన్నారో లేదో నమోదు చెయ్యాలి. ఆఫీసు మొత్తంలో కుట్టకూడని మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. మూడో పేజీలో ఇంకో మాట ఉంది. కార్యాలయ ఆవరణలో కుట్టిన ప్రతి కుట్టూ ప్రభుత్వ రికార్డు అవుతుంది, దాన్ని బయటికి తీసుకుపోరాదు.

సూపరింటెండెంటు శోభనాచలం నిబంధనలంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంట్లో చారు పొంగినా ఏ నిబంధన కింద పొంగిందని అడుగుతాడని వాళ్ళావిడే చెప్పుకుంటుంది. ఆయన ఆ సాయంత్రమే ఇందుమతి సంచీలోంచి చీర తీయించాడు. కమిషనరుగారు ఫొటో దిగింది దీంతోనే కాబట్టి ఇది నమూనా రికార్డు అన్నాడు. ఒకటో నంబరు వేసి, లక్క ముద్ర కొట్టి, రికార్డు గది బీరువాలో పెట్టించాడు.

"అది నా చీరండీ," అంది ఇందుమతి.

"కాదనటం లేదమ్మా. మీ చీరే. ఫైలు మాది," అన్నాడు శోభనాచలం.

మర్నాటి నుంచి ఆఫీసు కుట్టడం మొదలెట్టింది. సిబ్బందికి తలా ఒక జేబురుమాలు, ఒక సూది, నాలుగు రంగుల దారాలు ఇచ్చారు. రోజుకి నూటయాభై కుట్లు లక్ష్యం. గొలుసుకుట్టుకి ఒక మార్కు, కాడకుట్టుకి రెండు, ముడికుట్టుకి మూడు. అటెండరు నూకరాజు తన రుమాలు మీద చిలకని కుట్టాలనుకున్నాడు. ముక్కు దగ్గర కుట్టు తప్పు పడితే, కుట్టేవాళ్ళెవరైనా చేసే పనే చేశాడు. సూది వెనక్కి తిప్పి ఆ కుట్టు విప్పేశాడు.

శోభనాచలం చూడనే చూశాడు. చూసి గాభరాపడ్డాడు. రికార్డులో ఒకసారి నమోదైనదాన్ని చెరపడమంటే తారుమారు చెయ్యడమే. ఈ ప్రభుత్వం పుట్టాక ఏ గుమాస్తా కూడా తప్పు అంకెని గోకి తుడిచెయ్యలేదు. దానిమీద అడ్డగీత కొట్టి, పక్కన పైఅధికారి చేత పొట్టి సంతకం పెట్టించుకోవాలి. కాగితానికి లేని వెసులుబాటు గుడ్డకి ఎక్కణ్ణించి వస్తుంది? మూడు రోజుల్లో అనుబంధ ఉత్తర్వు వచ్చింది. తప్పు కుట్లు విప్పరాదు. వాటిని ఎర్ర దారంతో అడ్డంగా కొట్టివేసి, గెజిటెడ్ అధికారి చేత ఆకుపచ్చ దారంతో పొట్టి సంతకం కుట్టించవలెను. సిరాలో ఆకుపచ్చ గెజిటెడ్ అధికారులకే చెల్లినట్టు, దారంలోనూ ఆకుపచ్చ వారికే చెల్లుతుంది. ఇతరులు వాడినచో ఫోర్జరీగా పరిగణించబడును.

ఆ సాయంత్రం అందరి బల్లల మీదా ఉన్న ఆకుపచ్చ లచ్చిలన్నీ లెక్కపెట్టి స్వాధీనం చేసుకున్నారు. నూకరాజు చిలక నీలంగా పెరిగింది. టైపిస్టు కుట్టిన అరటిచెట్టు పసుపుపచ్చగా లేచింది. ఇందుమతి ఇవన్నీ చూసి నవ్వింది. రెండు నిమిషాలు నవ్వాక తన చీర గుర్తొచ్చింది. అందులో మిగిలినవన్నీ ఆకులే.

ఆమె వినతిపత్రం రాసింది. సదరు చీర తన సొంతమనీ, ఆకులు ఆకుపచ్చగా ఉండటం ప్రకృతి ధర్మమనీ, చీర ఇప్పించినా సరే, ఆకుపచ్చ దారం ఇప్పించినా సరే అనీ వేడుకుంది. నెల్లాళ్ళకి కమిషనరు కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. నమూనా రికార్డు అసంపూర్తిగా ఉండటం శాఖ ప్రతిష్ఠకి భంగకరమన్నారు. నాన్ గెజిటెడ్ ఉద్యోగికి ఆకుపచ్చ దారం అనుమతించడం విధాన విరుద్ధమన్నారు. కాబట్టి సదరు ఆకులను జిల్లా అసిస్టెంట్ డైరెక్టరు స్వహస్తములతో కుట్టవలెనని ఆదేశించారు.

అసిస్టెంట్ డైరెక్టరు పరమహంస రెండేళ్ళలో రిటైరవబోతున్న మనిషి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క రిమార్కు లేదు. ఒక్క పనీ చెయ్యకపోవడం వల్ల వచ్చిన కీర్తి అది. డిప్యూటీ డైరెక్టరు ప్రమోషను జాబితాలో ఆయన పేరు మొదట ఉంది. ఎవరి మీదా మాట తూలకుండా, దేని మీదా అభిప్రాయం చెప్పకుండా ఇంకొన్ని నెలలు గడిపితే ప్రమోషను వస్తుంది, దాంతోనే రిటైరవచ్చు. అలాంటి మనిషి ముందుకి లక్క ముద్ర విప్పిన చీర, సూది, ఆకుపచ్చ లచ్చి తెచ్చి పెట్టారు. ఇందుమతిని పిలిపించారు, సాంకేతిక సలహా నిమిత్తం. ఆమె చీరని తాకరాదని షరతు.

"ఇదెక్కడి ఖర్మమ్మా," అన్నాడు ఆయన, సూదిని తేలుని పట్టుకున్నట్టు పట్టుకుని.

పావుగంట సేపు దారంతో సూది బెజ్జాన్ని వెతికాడు. ఇందుమతి ఓపిగ్గా చెప్పింది. దారాన్ని సూది దగ్గరికి తీసుకెళ్ళకూడదు. దారం కొసని రెండువేళ్ళ మధ్య కనీ కనపడకుండా నొక్కిపట్టి, సూదినే దాని మీదికి తేవాలి. ఆయన అలా చేశాడు. దారం ఎక్కింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆ సూదిని చాలాసేపు చూసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన స్వయంగా పూర్తిచేసిన మొదటి పని అదేనేమో.

బారెడు దారం తీస్తే చిక్కుపడుతుందనీ, మూరెడు చాలనీ చెప్పింది. ఆకు నడిమి ఈనె నుంచి అంచుకి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, గడ్డి అల్లినట్టు కుట్టుకుంటూ పోవాలని గాలిలో వేలితో గీసి చూపించింది. ఆయన మొదటి ఆకు కుట్టాడు. అది ఆకులా లేదు. ఎవరో తొక్కిన గొంగళిపురుగులా ఉంది. రెండోది దానికి తమ్ముడు. తన సొంత చీర మీద, తన కళ్ళ ముందు, తను నెలల తరబడి పెంచిన తీగెకి గొంగళిపురుగులు పడుతుంటే ఇందుమతి పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. విప్పడానికి వీల్లేదు. ఎర్ర దారంతో కొట్టేస్తే తీగె చస్తుంది. మింగలేకా కక్కలేకా ఇంటికెళ్ళి, అన్నం తినకుండా పడుకుంది.

నాలుగు రోజుల తర్వాత ఆమె సలహా ఇక అక్కర్లేదన్నారు. అసిస్టెంట్ డైరెక్టరుగారు మధ్యాహ్నం గది తలుపు వేసుకుని ఒక్కరే కుడుతున్నారని నూకరాజు చెప్పాడు. లోపల్నించి కూనిరాగం కూడా వినిపిస్తోందట. తన చీర నాశనం చెయ్యడానికి ఆ మనిషికి పాట కూడానా అని ఇందుమతి ఒళ్ళు మండిపోయింది.

ఈలోగా ఆఫీసులో రోజుకి రెండు మూడు వందల తప్పు కుట్లు పడుతున్నాయి. ప్రతి తప్పు మీదా పరమహంస పొట్టి సంతకం కుట్టాలి. ఆయన గది ముందు రుమాళ్ళు పట్టుకుని జనం బారులు తీరారు. ఉత్తరాలు గుట్టలుగా పేరుకుపోయాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చేసినా, ఆ ఫిర్యాదు అందిందని రాసే తీరిక ఎవరికీ లేదు. రాష్ట్రంలో ఫిర్యాదులు గణనీయంగా తగ్గాయని ప్రకటన వెలువడింది.

మూడో నెల చివర మళ్ళీ బీపీ చూశారు. కుట్టని ఒక్క మనిషి ఇందుమతికి బీపీ వచ్చింది. పరమహంసకి పోయింది. మొత్తం నలభై ఒకటే కాబట్టి పరిస్థితి నిలకడగా ఉందని నివేదిక వెళ్ళింది.

నివేదిక చూసి కమిషనరుగారు ముచ్చటపడ్డారు. రాష్ట్రంలోని కుట్లన్నీ పరిశీలించడానికి త్రిసభ్య సంఘాన్ని వేశారు. సంఘానికి నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. యోగ్యమైన కుట్టు రాజధానిలో కొత్తగా కట్టబోయే ఆనంద ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో శాశ్వతంగా భద్రపరచాలి. అయోగ్యమైనది పనికిరాదని కండెం చేసి, కుట్టిన ఉద్యోగికి తిరిగి ఇచ్చెయ్యాలి.

అంటే బాగా కుట్టినవాళ్ళది ప్రభుత్వం తీసుకుంటుంది, చెడగొట్టినవాళ్ళది వాళ్ళకే ఇస్తుంది. దీంతో సిబ్బందికి ఎక్కడలేని నిశ్చింత కలిగింది. నూకరాజు చిలక మీద పదకొండు అడ్డగీతలున్నాయి. దాన్ని సంఘం దూరం నుంచే చూసి అతని చేతికి ఇచ్చేసింది. అందరి రుమాళ్ళూ ఇళ్ళకి చేరిపోయాయి. చివరికి ఒకటో నంబరు రికార్డుకి మళ్ళీ వేసిన లక్క విప్పారు.

సంఘం అధ్యక్షుడు చీర అంచు బల్ల మీద పరిచి, పూలగుత్తుల మీద చెయ్యి వేసి, ఒక్కొక్క రేకునీ వేలితో తడిమి చూశాడు. ఇందుమతి గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమెకి ఆ బల్ల దగ్గరికి వెళ్ళే అర్హత లేదు. అంత దూరం నుంచి గులాబీ రంగు తప్ప మరేమీ కనబడలేదు. అధ్యక్షుడు తల ఎత్తి, ఇది రాష్ట్రానికే తలమానికమనీ, గాజు పెట్టెకి దీన్ని మించినది దొరకదనీ, కింద పలక మీద కమిషనరుగారి పేరు చెక్కించాలనీ అన్నాడు. యోగ్యతాపత్రం మీద సంఘం సంతకాలయ్యాయి. ఇక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఒక్కటే తక్కువ. కాగితం పరమహంస ముందు పెట్టారు.

ఇందుమతి గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేసింది. ఆమె అంతమంది పెద్దల ముందు ఏనాడూ మాట్లాడలేదు.

"నేను నాకోసం కుట్టుకున్న చీర ఇదొక్కటేనండి," అంది.

సంఘం అధ్యక్షుడు ఆమెకేసి దయగా చూసి, శాశ్వతంగా భద్రపరుస్తున్నందుకు ఆమె గర్వించాలన్నాడు. శోభనాచలం ఆమెను ఊరుకోమని సైగ చేశాడు. పరమహంస ఎవరికేసీ చూడలేదు. కాగితాన్ని చదివాడు. ఇంకోసారి చదివాడు. జేబులోంచి ఆకుపచ్చ కలం తీసి, యోగ్యము అన్న మాట మీద అడ్డగీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద మూడు వాక్యాలు రాశాడు. తర్వాత దాన్ని తనే పైకి చదివాడు.

"ఈ చీరపై గెజిటెడ్ అధికారి కుట్టిన ఇరవై మూడు ఆకులు ఆకులవలె లేవు. సదరు అధికారి అసమర్థత వల్ల రికార్డు పూర్తిగా చెడిపోయినది. కావున కండెం చేసి చీరను ఇందుమతిగారికి అప్పగించవలెను."

అధ్యక్షుడు ఏదో అనబోయాడు గాని, గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సంతకాన్ని ప్రశ్నించే నిబంధన ఎక్కడా లేదు. శోభనాచలం రెండు పుస్తకాలు తిరగేశాడు. ఆకులు కుట్టమన్నది కమిషనరుగారి ఆదేశం కాబట్టి, ఆ ఆదేశాన్ని అసమర్థంగా నెరవేర్చిన అధికారి మీద సర్వీసు రిజిస్టరులో రిమార్కు రాయక తప్పదన్న నిబంధన మాత్రం దొరికింది. అక్కడికక్కడే రాశారు. ప్రమోషను జాబితాలో పరమహంస పేరు ఆ సాయంత్రమే కొట్టేశారు.

ఆ రోజుతో చేతికుట్టు పథకం కూడా ముగిసింది. రాష్ట్రమంతా వెతికినా యోగ్యమైన కుట్టు ఒక్కటీ దొరకలేదు కాబట్టి చేతికుట్టు ఉద్యోగులకి సరిపడదని తేల్చారు. ఆఫీసు ఆవరణలో సూది కనబడరాదని కొత్త ఉత్తర్వు. కమిషనరుగారు ఈసారి కుండీల్లో మొక్కల శిక్షణకి వెళ్ళినట్టు వినికిడి.

ఇందుమతి చీరని గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. కాఫీ కూడా తాగకుండా వరండాలో వెలుతురు ఉన్నచోట కూర్చుని, చిన్న కత్తెర తీసుకుంది. ఆ గొంగళిపురుగుల్ని ఒక్కటి మిగల్చకుండా ఏరి పారెయ్యాలని ఇన్నాళ్ళుగా ఆమె చేతులు దురద పెడుతున్నాయి. అత్తగారు వచ్చి పక్కన కూలబడి, కళ్ళజోడు సర్దుకుని అంచు చూసింది.

"ఎవరే ఈ ఆకులు కుట్టింది? కోళ్ళు కెలికినట్టుంది."

"మా ఆఫీసరుగారు అత్తయ్యా. చెడగొట్టానని ఆయనే రాసిచ్చాడు."

మొదటి ఆకు విప్పింది. విప్పడంలో ఇంత సుఖముందని కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. కొస దొరకబుచ్చుకుని లాగితే దారం వంకర్లు తిరుగుతూ వచ్చేస్తుంది, బట్ట మళ్ళీ ఊపిరి పీల్చుకుంటుంది. రెండోది, మూడోది, పదోది. ఆయన వేసిన ముళ్ళు ఒక్కోటి కందిగింజంత ఉన్నాయి. పదిహేడో ఆకు దాకా కసిదీరా విప్పింది. పద్దెనిమిదో ఆకు దగ్గర కత్తెర మొన పెట్టబోతే ముడి దొరకలేదు.

బట్ట తిప్పి చూసింది. పైవైపు ఎవరైనా కళ్ళకి గంతలు కట్టొచ్చు గాని, వెనకవైపు అబద్ధం చెప్పదు. అక్కడ ముడే లేదు. దారం కొసని పాత కుట్ల కిందికి దూర్చి దాచేశాడు. ఇందుమతి ఆయనకి అది నేర్పలేదు. తలుపు వేసుకుని తనంతట తనే నేర్చుకున్నాడు. చీరని మళ్ళీ ఇటు తిప్పి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఈనె నుంచి అంచుకి ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా వదులవకుండా, కొస దగ్గర సన్నగా వాలి, ఆ ఆకు అచ్చంగా ఆకులా ఉంది. దాని పక్కదీ అంతే. అలాంటివి ఆరున్నాయి.

అత్తగారు కూడా వంగి చూసింది. "ఇవి నువ్వు కుట్టినవి కదూ," అంది.

ఇందుమతి తల అడ్డంగా ఊపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో పరమహంసగారు అబద్ధాల కింద సంతకం పెట్టడం కొత్తేమీ కాదు. తనకి నష్టం తెచ్చే అబద్ధం కింద పెట్టడం మాత్రం అదే మొదటిసారి. ఆమె కత్తెర పక్కన పెట్టి, ఆ ఆరు ఆకుల్నీ అలాగే ఉంచేసి, మిగతావి కుట్టడానికి ఆకుపచ్చ లచ్చిలోంచి మూరెడు దారం తెంపింది.